అట్లాంటిక్ హంప్‌బ్యాక్ డాల్ఫిన్: ఇన్ని ఒప్పందాలున్నా ఎందుకు తగ్గిపోతోంది?

తీరరేఖ (ప్రశ్న):
పశ్చిమ సహారా నుంచి అంగోలా వరకు ఉన్న ఆఫ్రికా తీరంలో తప్ప మరెక్కడా లేని ఈ డాల్ఫిన్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017లో అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. మిగిలినవి 3,000 లోపేనని అంచనా. వన్యజీవుల వ్యాపారంపై దేశాలు చేసుకున్న ఒప్పందం సైటిస్‌లోనూ, వలస జీవుల ఒప్పందంలోనూ గట్టి రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి అనుబంధంలోనే దీని పేరుంది. అయినా సంఖ్య ఎందుకు పడిపోతోంది? శబ్దం చేసే పింగర్లను వలలకు కడితే సరిపోదా?

కెరటం:
సైటిస్ నియంత్రించేది దేశాల మధ్య వ్యాపారాన్నండీ. ఈ డాల్ఫిన్ ప్రాణం ఎక్కువగా పోతున్నది గిల్‌నెట్ వలల్లో. సన్నని నైలాన్ దారంతో అల్లిన ఆ వల నీటిలో తెరలా నిలబడుతుంది. అందులో తల దూర్చిన చేప మొప్పల దగ్గర బిగుసుకుంటుంది. డాల్ఫిన్ అయితే ముక్కో రెక్కో తగులుకొని, ఊపిరి కోసం పైకి రాలేక నీటిలోనే చనిపోతుంది. నదీముఖాలు, మడ అడవుల చుట్టూ సాధారణంగా 20 మీటర్లకు మించని లోతులో ఇది బతుకుతుంది. చిన్న పడవల జాలర్లు వలలు వేసేదీ అక్కడే. పింగర్లు డాల్ఫిన్‌లను పోలిన చిన్న సముద్ర జీవులైన హార్బర్ పోర్పస్‌ల విషయంలో మంచి ఫలితమే ఇచ్చాయి. కానీ ఇంత ఇరుకైన తీరపట్టీలో బతికే జీవిని ఆ చప్పుడు దాని మేత తావుల నుంచే తరిమేస్తుందేమోనన్నది నా భయం.

నీలిరేవు:
ఈతకు ఒక్క పిల్లనే కనే జీవి కాబట్టి ఏటా కొద్దిపాటి మరణాలు కూడా చిన్న గుంపును కోలుకోనివ్వవు. దీనికి తోడు కొన్నిచోట్ల మాంసాన్ని తింటారు, ఎరగానూ వాడతారు. ఓడరేవుల నిర్మాణం మిగిలిన నెలవులను కొరికేస్తోంది.

తీరరేఖ:
కాంగోలో వలలో పడిన సముద్రపు తాబేళ్లను విడిచిపెట్టే జాలర్లకు వలల మరమ్మతు సామగ్రి ఇస్తారని చదివాను. ఆ పద్ధతి ఇక్కడా పనిచేయదా?

కెరటం:
వల తీసే వేళకు తాబేలు చాలాసార్లు ప్రాణాలతోనే ఉంటుంది, డాల్ఫిన్ మాత్రం దాదాపు ఎప్పుడూ చనిపోయే ఉంటుంది. అందుకే విడిచిపెట్టినందుకు కాక, సెనెగల్‌లోని సలూమ్ డెల్టా వంటి ముఖ్యమైన తావుల్లో గిల్‌నెట్ వేయనందుకే జాలరి కుటుంబానికి ఆదాయం అందాలని నా అభిప్రాయం. మారిటానియాలోని బాంక్ దార్గ్విన్ జాతీయ ఉద్యానంలో మోటారు పడవలను నిషేధించి, తెరచాప పడవలతో చేపలు పట్టే హక్కును అక్కడి ఇమ్రాగెన్ జాలర్లకే వదిలారు. వేటకు హద్దులు గీసే చోట స్థానికుల హక్కును అలా ముందుగా గుర్తిస్తే, ఆ హద్దులను కాపాడుకోవలసిన అవసరం వారికీ ఉంటుంది.