అప్‌డేట్: గిన్నెలు తుడిచే గుడ్డ ఈసారి నలుచదరంగా వచ్చింది

పోయిన నెల నేను అడిగింది ఇదీ: ఇంట్లో అల్లిన గుడ్డ నీళ్లు పీల్చుకోవడం లేదు, పైగా పోను పోను వెడల్పవుతోంది, ఎందుకని?

మీరు చెప్పినట్టే దారం కొస కాల్చి చూశాను. కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగలాలి. నూలనుకుని కొన్నది అక్రిలిక్, అంటే నీళ్లు సరిగా పీల్చని కృత్రిమ దారం అన్నమాట. దుకాణదారును అనడానికేమీ లేదు, చుట్టిన కాగితం చదవనిది నేనే.

వెడల్పు సంగతీ తేలింది. వరుస మొదట్లో దారాన్ని అల్లిక సూది మీదుగా వెనక్కి లాగేసరికి మొదటి కుట్టు రెండు పోగులుగా కనబడేది. నేను రెండు కుట్లనుకుని రెండింటినీ అల్లేసేదాన్ని, అలా కుట్లు పెరిగిపోయేవి!

ఈసారి అసలు నూలు దారం, 4.5 మి.మీ. సూదులు. 4 కుట్లతో మొదలు. ప్రతి వరుసలో రెండు కుట్లు అల్లి, సూది మీద దారం ఒకసారి వేసుకుని, మిగతావి అల్లాలి. వరుసకు ఒకటి చొప్పున పెరిగి 44 అయ్యాక తగ్గింపు: ఒకటి అల్లి, రెండు కలిపి ఒకటిగా, దారం వేసుకుని, మళ్లీ రెండు కలిపి ఒకటిగా, మిగతావి మామూలుగా. అంచు పొడవునా చిన్న కన్నాలు వరుసగా వస్తాయి, లేసులా.

నూలు ఊలులా సాగదు, మణికట్టు పట్టేసింది. వేడినీళ్లలో ఉతికితే కాస్త కుదించుకుంది కానీ మందంగా, ఇంకా బాగా తయారైంది.

మా అత్తయ్య "ఇంత కష్టపడి అల్లింది గిన్నెలు తుడవడానికా?" అని దాన్ని మిక్సీ మీద కప్పారు. నిన్న మెల్లిగా తీసి పాలగిన్నె తుడిచాను.