కొత్త ట్రక్కు పెయింటులో లోపాలుంటే వారంటీ కింద ఎలా అడగాలి?

ప్రశ్న, ఇర్వింగ్ నుంచి:

పెద్దలందరికీ నమస్కారం. నేను హైదరాబాదు నుంచి టెక్సస్ వచ్చి ఎనిమిది నెలలైంది. మూడు వారాల కిందట ముదురు నీలం మెటాలిక్ రంగులో కొత్త పికప్ ట్రక్కు కొన్నాను. మొన్న ఆదివారం కడుగుతుంటే హుడ్డు ముందు అంచున సూదిమొనతో గుచ్చినట్టు సన్నని రంధ్రాలు గుంపుగా కనిపించాయి. కుడివైపు వెనక తలుపు కింది భాగంలో అరచేయంత మేర రంగు పాలిపోయి, పైపొర కింద పొగ పట్టినట్టుగా ఉంది. డీలరు దగ్గరికి తీసుకెళితే సర్వీసు అడ్వైజరు రెండు నిమిషాలు చూసి, ఇది బయటి రసాయనాల వల్ల వచ్చిందన్నాడు. వాహన పూజలో హుడ్డు మీద రాసిన పసుపు కుంకుమల చాయ ఇంకా మిగిలి ఉంటే దాన్నే చూపించాడు. కావాలంటే ఉచితంగా బఫింగ్ చేసి, అంటే యంత్రంతో రుద్ది మెరుగు పెట్టి ఇస్తానన్నాడు. ఒప్పుకోవాలా? మూడు రోజుల్లో బండి తిరిగి ఇచ్చే హక్కు ఉండేదని, దాన్ని వదులుకున్నానని ఒక మిత్రుడు అంటున్నాడు. సంగతి తేలేదాకా నెలవారీ వాయిదా కట్టవద్దని మరొకరి సలహా. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు, ఫ్రిస్కో నుంచి:

సోదరుడికి నమస్కారం. ముందుగా మీ మిత్రుల మాటల సంగతి చెబుతాను, ఎందుకంటే రెండింటిలో ఒకటి మీకు నిజంగా నష్టం చేయగలదు. డీలరు షోరూములో కొన్న బండిని మూడు రోజుల్లో తిరిగి ఇచ్చే హక్కు చట్టంలో లేదు. ఇంటికి వచ్చి అమ్మేవాళ్ల విషయంలో ఉన్న ఫెడరల్ నియమాన్ని చాలామంది కార్లకూ వర్తిస్తుందని అనుకుంటారు. కాబట్టి మీరు వదులుకున్నదేమీ లేదు. ఇక వాయిదా మాత్రం ఒక్కటి కూడా ఆపకండి. అప్పు ఇచ్చిన సంస్థ వేరు, బండి తయారుచేసిన కంపెనీ వేరు. పెయింటు బాగాలేదని మీరు వాయిదా ఎగ్గొడితే కంపెనీకి చీమ కుట్టినట్టైనా ఉండదు కానీ, ఎనిమిది నెలలుగా కూడబెట్టుకుంటున్న మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది, బండిని లాక్కుపోయే హక్కు కూడా అప్పు ఇచ్చినవాళ్లకు వస్తుంది.

బఫింగ్‌కు ఇప్పుడే ఒప్పుకోవద్దు. నా మొదటి ట్రక్కుకు ఎడమవైపు తలుపు మీద ఇలాంటి మసక మచ్చే వచ్చింది. డీలరు దగ్గర ఓ కుర్రాడు యంత్రంతో పది నిమిషాలు రుద్దేసరికి అద్దంలా మెరిసింది, నేను చెయ్యి కలిపి ఇంటికి వచ్చేశాను. కాగితం ఏదీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఏడాది దాటాక అదే చోట క్లియర్ కోటు, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పైపొర, ఎండకు కమిలిన చర్మంలా పొరలు పొరలుగా లేచింది. అప్పటికి ఓడోమీటరు మీద 38,200 మైళ్లున్నాయి, వారంటీ 36,000 దగ్గరే ముగిసింది. ఇది మొదటి నుంచీ ఉన్న లోపమే కదా అంటే, మీరు అంతకుముందు పెయింటు గురించి వచ్చినట్టు మా దగ్గర ఏ దాఖలా లేదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే లేదు. ఆ తలుపుకు నా జేబు నుంచే పెట్టుకున్నాను. పైగా ఆ రుద్దుడుతో పైపొర మరింత పలచబడింది. క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది, మన తల వెంట్రుక కంటే పలుచన అన్నమాట. ఎండ నుంచి కింది రంగును కాపాడేది ఆ పొరే.

కాబట్టి మీరు ఈ వారమే మళ్లీ వెళ్లి, అపాయింట్‌మెంట్ పెట్టుకుని, రిపేరు ఆర్డరు తెరిపించండి. ఇక్కడ సర్వీసు విభాగంలో ప్రతి రాకకూ తెరిచే కాగితం అదే. అందులో తేదీ, ఓడోమీటరు రీడింగు, విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), మీ ఫిర్యాదు, వాళ్లు కనుగొన్న కారణం, చేసిన పని విడివిడిగా ఉంటాయి. ఫిర్యాదు గడిలో "పెయింటు చూడాలి" అని రాస్తే సరిపోదు. "హుడ్డు ముందు అంచున క్లియర్ కోటులో సూదిరంధ్రాలు, కుడి వెనక తలుపు కింద పైపొర కింద మసక మచ్చ, కొన్న మూడు వారాల్లో కనిపించాయి" అని మీ మాటల్లోనే రాయమనండి. లోపమేమీ లేదని వాళ్లు తేల్చినా సరే, ఆ మాటనే రాసి కాపీ ఇమ్మని నెమ్మదిగా అడగండి. "అవసరం లేదులెండి, నేను చూసుకుంటాను" అనే అడ్వైజరు ఎంత మంచివాడైనా ఆరు నెలల్లో ఉద్యోగం మారిపోవచ్చు.

కారణం గురించి కూడా రెండు ముక్కలు తెలుసుకుని వెళ్లండి, లేకపోతే రసాయనాలన్న మాట దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. మీరు చెప్పిన సూదిరంధ్రాలు సాధారణంగా పెయింటు వేసేటప్పుడే పుడతాయి. పొర మందంగా పడి పైభాగం ముందే ఆరిపోతే, లోపల చిక్కిన ద్రావకం ఓవెన్లో వేడికి ఆవిరై, దారి లేక పైకి పగులుతుంది. బాడీ షాపుల వాళ్లు దీన్ని సాల్వెంట్ పాప్ అంటారు. పసుపు వల్లగానీ, కార్ వాష్ సబ్బు వల్లగానీ ఒకే అంచున గుంపుగా రంధ్రాలు పడవు. కొత్త బండ్ల మీద నారింజ రంగు చుక్కలుగా కనిపించేది మాత్రం వేరు. రైళ్ల మీద వచ్చేటప్పుడు పట్టాల నుంచి లేచిన ఇనుప రజను పడి తుప్పు పడుతుంది. దానికి ఐరన్ రిమూవర్ చల్లితే ఊదారంగుకు తిరిగి కరిగిపోతుంది. అది పెయింటు లోపం కాదు, దాని కోసం గొడవ పడి మీ మాట విలువ తగ్గించుకోకండి.

పూజ సంగతి దాచవద్దు, దాని గురించి వాదించనూ వద్దు. ఇంటికి వెళ్లి గోరువెచ్చని నీళ్లతో, కారు షాంపూతో మెత్తని గుడ్డ పెట్టి ఆ చాయ పూర్తిగా తీసేయండి. రంధ్రాలు అలాగే ఉంటే, మరక వేరు, లోపం వేరు అని అక్కడే తేలిపోతుంది. ఇక ముందు కొనేవాళ్ల కోసం చెబుతున్నాను, స్వస్తిక్ గుర్తు, బొట్టు ముందు అద్దం మీద పెట్టమని పంతులుగారిని అడిగితే ఆయన కాదనరు. కొన్నిచోట్ల దొరికే కుంకుమలో కృత్రిమ రంగు ఉంటుంది, నిమ్మరసం తగిలి ఎండలో రోజంతా ఉంటే లేతరంగు బండి మీద చాయ నిలిచిపోతుంది. ఫోటోలు తీసేది పూజకు ముందే కావాలి.

ఫోటోలు మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనిపించదు. ఉదయం ఏటవాలు ఎండలో ఒకసారి, రాత్రి గరాజులో ఎల్‌ఈడీ టార్చిని తలుపుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా ఇంకోసారి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. దూరం నుంచి ఒకటి తీస్తే అది ఏ తలుపో తెలుస్తుంది. ఓడోమీటరు ఫోటో కూడా అదే రోజు తీయండి. గోటితో మాత్రం గీకి చూడవద్దు, టచప్ పెన్ను రాయవద్దు. పెయింటును కాపాడటానికి పైన వేసే సిరామిక్ కోటింగు, ఫిల్ము వంటివి ఇప్పుడే వేయించవద్దు, వాటి కింద లోపం ఉండిపోతే ఎవరి బాధ్యతో తేల్చడం కష్టమవుతుంది.

గ్లవ్ బాక్సులో ఉన్న వారంటీ పుస్తకం తీసి చదవండి. ఇక్కడి ప్రధాన కంపెనీల ట్రక్కుల్లో పెయింటు లోపాలు మామూలుగా 3 సంవత్సరాల లేదా 36,000 మైళ్ల ప్రాథమిక వారంటీలోకి వస్తాయి, వీటిలో ఏది ముందైతే అది. తుప్పు వారంటీ అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది కానీ, అది రేకుకు లోపలి నుంచి చిల్లు పడితేనే పనికొస్తుంది, పైపొర లేచిపోతే కాదు. ఈ రెంటినీ కలిపి చదివి ఐదేళ్లు ఉన్నాయిలే అనుకుని ఆలస్యం చేసినవాళ్లను నేను చూశాను. రాళ్ల దెబ్బలు, పిట్టల రెట్ట, చెట్ల జిగురు, వడగళ్లు వారంటీలో ఉండవు. డీలరు అమ్మిన వ్యాక్సే వాడలేదని వారంటీ కాదనడానికి మాత్రం వీల్లేదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం అలాంటి షరతును నిషేధించింది.

డీలరు దగ్గర పని కాకపోతే అడ్వైజరుతో కాకుండా సర్వీసు మేనేజరుతో మాట్లాడండి. ఆ తరువాత వారంటీ పుస్తకంలో ఉన్న కంపెనీ కస్టమర్ విభాగం నంబరుకు ఫోన్ చేసి కేసు నంబరు తీసుకోండి, కంపెనీ ప్రాంతీయ ప్రతినిధి వచ్చి చూడాలని అడగండి. వారంటీ డబ్బు చెల్లించేది కంపెనీ, డీలరు కాదు. అందువల్ల చాలాసార్లు డీలరు సంకోచమంతా తన బిల్లు మంజూరవుతుందో లేదోననే. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ అదే రోజు ఒక ఈమెయిల్ రాసి, ఏం అనుకున్నామో నమోదు చేయండి.

ఇవేవీ ఫలించకపోతే టెక్సస్ మోటారు వాహనాల శాఖకు లెమన్ లా (ఎన్నిసార్లు రిపేరు చేసినా బాగుపడని కొత్త బండ్లు కొన్నవాళ్లను కాపాడే చట్టం) కింద ఫిర్యాదు చేయవచ్చు, రుసుము 35 డాలర్లు. లోపం వాడకాన్నో, మార్కెట్ విలువనో గణనీయంగా తగ్గించేదై ఉండాలి. మొదటి 24 నెలలు లేదా 24,000 మైళ్లలోపు ఒకే లోపానికి నాలుగుసార్లు రిపేరుకు ఇచ్చి ఉండటం, లేదా మొత్తం 30 రోజులు బండి షాపులో ఉండటం వంటివి అక్కడ చూస్తారు. రిపేరు జరిగేటప్పుడు వాడుకోవడానికి మీ బండికి సమానమైన లోనర్ బండి ఇచ్చిన రోజులు ఆ 30లో చేరవు. వారంటీ ముగియడం, 24 నెలలు, 24,000 మైళ్లు, వీటిలో ఏది ముందైతే దానినుంచి ఆరు నెలల్లోపు ఫిర్యాదు చేరాలి, అంతకుముందే కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేసి ఉండాలి. నిజం చెప్పాలంటే, పెయింటు ఒక్కదానికే బండి వెనక్కి తీసుకునేదాకా వెళ్లిన కేసులు నా ఎరుకలో లేవు. మంచి రీపెయింటు, దానికి తగిన కాగితం దక్కితే మీరు గెలిచినట్టే. మీరు వీసా మీద ఉన్నా సరే వెనకాడకండి, ఇది కొనుగోలుదారుడి హక్కు, ఇమ్మిగ్రేషన్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు.

జవాబు, హ్యూస్టన్ నుంచి:

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఒక్క విషయం జోడిస్తాను. నేను బాడీ షాపులో ఎస్టిమేట్లు రాసే పని చేస్తున్నాను. రీపెయింటు మంజూరైందనగానే సంతోషించి తాళం చేతికి ఇచ్చేయకండి. ఫ్యాక్టరీలో బాడీ ఒట్టి రేకుగా ఉన్నప్పుడే దాదాపు 140 డిగ్రీల సెల్సియస్‌లో పెయింటును కాలుస్తారు. మా దగ్గర బండిలో వైర్లు, ప్లాస్టిక్కు, సీట్లు అన్నీ ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల చుట్టుపక్కలే ఆరబెడతాం. చేయి తిరిగిన పెయింటరు వేసినా అది వేరే రకం పెయింటే. అందుకే మీ హుడ్డు అంచున ఉన్నవి నాలుగైదు రంధ్రాలే అయితే, ఆ లోపాన్ని కాగితం మీద నమోదు చేయించి, మొత్తం హుడ్డు రంగు మార్చకుండా కొన్నాళ్లు ఆగి చూడటం కూడా తెలివైన పనే. తలుపు మీది మచ్చ మాత్రం ఆగదు, పొర కింద పట్టు వదులుతున్నట్టుంది.

మెటాలిక్ నీలం కలపడం కష్టం. తలుపు ఒక్కటే వేస్తే ఎండలో పక్క ప్యానెల్‌తో తేడా కొడుతుంది. కాబట్టి రంగును పక్క ప్యానెళ్లలోకి పలచగా కలపాలని, క్లియర్ కోటు ప్యానెల్ మొత్తానికీ వేయాలని, హ్యాండిల్, అద్దపు రబ్బరు, చిహ్నాలు టేపు చుట్టి కాకుండా విప్పి వేయాలని ముందే రాయించుకోండి. చేసే షాపు డీలరుదేనా, బయటిదా, ఎన్నేళ్ల గ్యారంటీ ఇస్తుందో కూడా రాయాలి.

ఇంకో మాట. బండి మీ చేతికి రాకముందే ఎవరైనా ఆ తలుపుకు రంగు వేశారేమో చూడండి. పెయింటు మందం కొలిచే చిన్న పరికరం చవకగానే దొరుకుతుంది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది, మిగతా తలుపులు 120 చూపించి ఇదొక్కటే 250 చూపిస్తే అడగాల్సిన ప్రశ్న మారిపోతుంది. ఫోర్డ్ ఎఫ్-150 వంటి అల్యూమినియం బాడీ ట్రక్కులకు ఉక్కు మాత్రమే కొలిచే పరికరం పనికిరాదు, రెండూ కొలిచేది తీసుకోండి. రవాణాలో దెబ్బతిన్న పెయింటుకు మరమ్మతు చేసి కొత్త బండిగా అమ్మడం ఈ దేశంలో జరగనిది కాదు. అలబామాలో డాక్టర్ గోర్ అనే ఆయన 40,750.88 డాలర్లకు కొన్న నల్ల బీఎండబ్ల్యూకు అలాగే జరిగింది. కొన్న కొన్ని నెలలకు మెరుగు పెట్టించడానికి తీసుకెళితే, మళ్లీ రంగు వేసినట్టు బయటపడింది. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం లోపు ఉంటే చెప్పనక్కరలేదన్నది కంపెనీ విధానమట. ఆ వ్యాజ్యం 1996లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీ విషయం అంత దూరం పోవాలని కాదు, ఆ రీడింగులు ఫోటో తీసి ఉంచుకుంటే మంచిదని.

ప్రశ్న అడిగినవారు:

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఈరోజు మరక కడిగేశాను, రంధ్రాలు అలాగే ఉన్నాయి. రిపేరు ఆర్డరులో మీరు చెప్పిన వాక్యమే రాయించాను. తలుపు దగ్గర రీడింగు 118, మిగతావి 115 నుంచి 125. కంపెనీ ప్రతినిధి వచ్చే గురువారం చూస్తారట. తలుపు రీపెయింటు చేశాక బండి తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

జవాబు, హ్యూస్టన్ నుంచి:

రీడింగులన్నీ దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఇంతకుముందు రంగు వేయలేదు, ఇది ఫ్యాక్టరీ లోపమేనని మీరు నిలబడి చెప్పవచ్చు. బండి సాయంత్రం ఆరింటికి ఇస్తామంటే వద్దనండి, పగటి వెలుగులో తీసుకోండి. కడగకుండా ఇస్తే కడిగించాకే చూడండి. పది అడుగుల దూరం నుంచి మూడు కోణాల్లో తలుపునూ, పక్క ప్యానెల్‌నూ కలిపి చూడండి, తరువాత దగ్గరకు వచ్చి తలుపు తెరిచి అంచుల్లో టేపు గీత చేతికి తగులుతుందేమో తడిమి చూడండి, రబ్బరు మీద, చక్రాల మీద రంగు తుంపర్లు ఉన్నాయేమో చూడండి. ఏదైనా కనిపిస్తే సంతకం పెట్టకముందే అదే రిపేరు ఆర్డరు మీద రాయించండి. నెల రోజుల దాకా వ్యాక్సు, ఫిల్ము వేయవద్దు. ఆ కాగితాలన్నీ బండి అమ్మేదాకా దాచండి, రేపు కొనేవాళ్లు పరికరం పెట్టి చూసి ఈ తలుపుకు ప్రమాదం జరిగిందా అని అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేవి అవే.