ఇద్దరూ కలిసి మోసే పనికి వీఆర్‌లో స్పర్శ కావాలా?

పర్లాకిమిడి మాస్టారు:
మా శిక్షణ కేంద్రానికి వీఆర్ కళ్లద్దాలు, అంటే పెట్టుకుంటే కంప్యూటర్ సృష్టించిన చోట ఉన్నట్టే చూపించేవి, కొనబోతున్నాం. వేర్వేరు ఊళ్లలో ఉన్న ఇద్దరు పిల్లలు అందులో ఒకే మోటారును చెరోవైపు పట్టి ఎత్తి, బోల్టుల మీద కూర్చోబెట్టాలి. బరువు, తోపు చేతికి తెలిసే పరికరాలూ కొనాలని కొందరు పట్టుబడుతున్నారు. నాకైతే దండగ ఖర్చే అనిపిస్తోంది. మనిషి కనిపిస్తాడు, మాట వినిపిస్తుంది. ఇంకేం కావాలి?

బరంపురం నేతగాడు:
మాస్టారూ, నేను ఒప్పుకోను. మా వీధిలో పడుగు సాచేటప్పుడు ఆ చివర మా నాన్న, ఈ చివర నేను, మధ్యలో 30 అడుగుల పట్టు. ఇద్దరం తల వంచుకునే ఉంటాం, మాటలుండవు. దారం బిగువు కాస్త తగ్గిందంటే ఆయన ఒక అడుగు ముందుకు వేశాడని నా వేళ్లకి తెలిసిపోతుంది. బిగువు ఎక్కువైనప్పుడు "వదులు" అని అరిచేలోపే పోగు తెగిపోతుంది.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. 2000లో బస్డోగన్, మండయం శ్రీనివాసన్, మెల్ స్లేటర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, విడివిడిగా కూర్చున్న ఇద్దరు తెరమీది ఉంగరాన్ని తీగకు తగలకుండా కలిసి జరపాలి. ఎదుటివాళ్ల తోపు చేతికి తెలిసినప్పుడు పని మెరుగ్గా సాగింది, తోడు మనిషి ఉన్నాడన్న భావనా పెరిగింది.

సిరొంచ కుర్రాడు:
నిజమే అన్నా. 2002 అక్టోబరులో అమెరికాలోని ఎంఐటీ, లండన్‌లోని యూసీఎల్ విశ్వవిద్యాలయాల వాళ్లు అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఉండి ఒకే పెట్టెను కలిసి ఎత్తారు కూడా. కానీ స్పర్శ కుదురుగా ఉండాలంటే చేతికి అందే బలం లెక్క సెకనుకు సుమారు 1000 సార్లు మారాలి. కంటికి కనిపించే బొమ్మకి 60, 90 సార్లు చాలు. సంకేతం ఆలస్యమైతే పెట్టె చేతిలో వణుకుతుంది. ప్రాణహిత పొంగిన వారం మా ఊళ్లో వీడియో కాలే ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆలస్యంగా అందే తోపుకి చెయ్యి అలవాటుపడితే, రేపు అసలు మోటారు కింద నలిగేది ఆ పిల్లాడి వేళ్లే.

బరంపురం నేతగాడు:
అలాగైతే ఇద్దర్నీ ఒకే భవనంలో పక్క గదుల్లో కూర్చోబెట్టండి. చేతిలో కంట్రోలర్ బుర్రుమంటే చాలని మాత్రం అనకండి. అది "తగిలింది" అని చెబుతుంది, అవతలివాడు ఎటు లాగుతున్నాడో చెప్పదు.

పర్లాకిమిడి మాస్టారు:
పడుగు మాట నా మనసు మార్చింది తమ్ముడూ. ఎత్తే, బిగించే పాఠాలకి ఒక్క జత పరికరాలు, అదీ ఒకే కేంద్రంలో. వైర్లు గుర్తుపట్టే పాఠాలకి కళ్లద్దాలు, మాట చాలు. ఆ జతలో రెండూ ఒకే కంపెనీవి కావాలా, వేర్వేరువైనా కలుస్తాయా? వాడినవాళ్లు చెప్పండి, సోమవారం కొటేషన్ అడగాలి.