బార్రా కోట కథలు: గేలిక్ పెద్దలు చెప్పుకున్నదాన్ని చరిత్ర అనొచ్చా?

పాతకాగితం:
స్కాట్లండ్ పడమటి దీవుల్లో బార్రా ఒకటి. అక్కడివాళ్ళ పాత భాష గేలిక్. అక్కడి కాసిల్‌బే రేవులో, నీళ్ళ మధ్య ఒక రాతిబండ మీద కిసిముల్ కోట ఉంది. మాక్‌నీల్ తెగ నాయకులది. నాయకుడి భోజనం అవగానే ఒకడు బురుజెక్కి బాకా ఊది, "బార్రా మాక్‌నీల్ గారు తిన్నారు, ఇక లోకంలోని రాజులందరూ తినొచ్చు" అని చాటేవాడట. జలప్రళయం నాడు నోవా ఓడలో చోటిస్తామంటే "మాక్‌నీల్‌కి సొంత పడవుంది" అన్నారట. వినడానికి బావున్నాయి, చరిత్ర మాత్రం కాదు. కోట 1030లో కట్టారన్నదీ అలాంటి మాటే. కట్టడం తీరు చూసిన నిపుణులు 15వ శతాబ్దం అంటున్నారు. నాలుగు వందల ఏళ్ళ తేడా!

లలిత_గ్లాస్గో:
నోవా కథను చరిత్ర అని ఎవరన్నారండీ? మాక్‌నీల్ నాయకుల్లో ఒకడైన రువరీ కథ చూడండి. ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్ ఓడల్ని దోచాడని స్కాట్లండ్ రాజు జేమ్స్ అతన్ని పట్టి తెమ్మన్నాడు. ఇంటా బయటా పేరుమోసిన దొంగ కదా, ఎలా ఉంటాడో అనుకుంటే, తెల్లగడ్డం ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఎందుకు చేశావంటే, "మీ అమ్మను చంపించిన ఆవిడకు నష్టం చేస్తే మీకు మేలు చేసినట్టే అనుకున్నా" అన్నాడు. రాజు వదిలేశాడు. ఆ మాటలు అన్నాడో లేదో నేను చెప్పలేను. కానీ జేమ్స్ తల్లి మేరీని 1587లో ఎలిజబెత్ చంపించడం నిజం. దూరపు దీవిలో జాలర్లు ఆ సంగతిని గుర్తుపెట్టుకున్నారు, తమ కథలో సరైన చోట పెట్టారు.

పాతకాగితం:
1030 సంగతి చెప్పండి.

చిన్నబాబు:
ఆ కోటను 2000లో ప్రభుత్వ సంస్థకు వెయ్యేళ్ళ లీజుకిచ్చారు. అద్దె ఏడాదికి ఒక పౌండు, ఒక విస్కీ సీసా.

ఎర్రమట్టి:
మా తాతలు జమీందారీ రైతులు. ఇప్పటికీ మా వైపు పెళ్ళిళ్ళలో దొరగారి వేటలూ విందులే చెప్పుకుంటారు. వెట్టి గురించి ఒక్కరూ నోరెత్తరు. ఈ బాకా కథ కూడా అంతే. ఆయన తిన్నాడు సరే, దీవిలో మిగతావాళ్ళు తిన్నారా?

పాతకాగితం:
లలిత గారు 1030కి జవాబివ్వలేదు. మా పొలం గట్టు తగాదాలో నా దగ్గర దస్తావేజు ఉంది. అయినా "మా తాతలు చెప్పారు" అన్న నలుగురు పెద్దల మాటే నెగ్గింది. అర ఎకరం పోయింది. నోటి మాట విలువేంటో నాకు బాగా తెలుసు.

లలిత_గ్లాస్గో:
మీ పొలం కోపం బార్రా వాళ్ళ మీద చూపిస్తే ఎలాగండీ! 1427లో మాక్‌నీల్‌కి దీవి పట్టా వచ్చింది. ఆ కాగితం నాయకుడిది. 1838లో నాయకుడి వారసుడే దీవిని అమ్మేశాడు. తర్వాత గోర్డన్ అనే భూస్వామి చేతికొచ్చింది. 1851లో బార్రా, ఉయిస్ట్ దీవుల నుంచి 1500 మందికి పైగా జనాన్ని కెనడా ఓడలెక్కించారు, ఇష్టం లేదన్నవాళ్ళను కూడా. వాళ్ళ చేతిలో ఏ పట్టా ఉంది? మా అమ్మమ్మ వేలిముద్ర మనిషి. కాగితం ఒక్కటే చరిత్ర అంటే ఆవిడ బతకనట్టే.

ఎర్రమట్టి:
అదే నేనంటున్నది. ఆ ఓడల కథలు కూడా గేలిక్‌లో ఉంటే మరి బాకా కథే ఎందుకు తిరుగుతోంది?

లలిత_గ్లాస్గో:
కోటకొచ్చేవాళ్ళకు అదే చెబుతారు కాబట్టి. ఎడిన్‌బరాలో 1951లో మొదలైన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ వాళ్ళు దీవులన్నీ తిరిగి ముసలివాళ్ళ గొంతులు రికార్డు చేశారు. తోబర్ అన్ దువల్‌చాయిస్ సైట్‌లో ఊరికే వినొచ్చు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, అన్నీ రాసి ఉంటాయి.

పాతకాగితం:
అలా పేరూ సంవత్సరం రాసిపెట్టినదైతే నేనూ చదువుతాను. 1030 మాత్రం ఒప్పుకోను.