బీఎస్ఎన్ఎల్ వీఆర్ఎస్ లెక్క స్టీల్ ప్లాంటుకు పనికొస్తుందా?

గాజువాక కుర్రాడు:
మా నాన్నగారు విశాఖ స్టీల్ ప్లాంటులో చేస్తారు, 54 ఏళ్లు. 2025లో అక్కడ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టినప్పటి నుంచి చుట్టాలది ఒకటే మాట: "బీఎస్ఎన్ఎల్ వాళ్లు తీసుకుని హాయిగా ఉన్నారు కదా!" మళ్లీ పెడితే తీసుకోమనాలా, వద్దనాలా?

సీతమ్మధార పెద్దాయన:
వాళ్లకు మంచే జరిగింది బాబూ. 2019 నవంబర్ 4న మొదలుపెట్టి డిసెంబర్ 3కి ముగించారు. 50 నిండినవాళ్లకే అవకాశం. చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, రిటైర్మెంట్‌కు మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం. 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా, అంటే దాదాపు సగం మంది, ఒకేసారి బయటికొచ్చారు. ఎవరినీ మెడపట్టి గెంటలేదు. ఆదాయంలో ముప్పావు వంతు జీతాలకే పోతుంటే ఏ సంస్థ నిలబడుతుంది?

మర్రిపాలెం:
గెంటలేదంటే ఎలా గురువుగారూ? 2019 ఫిబ్రవరి జీతాలు మార్చి సగమయ్యాక గానీ పడలేదు. పైగా రిటైర్మెంట్ వయసు 58కి దించేస్తారని పుకారు. వచ్చే నెల జీతం మీద నమ్మకం లేనివాడు సంతకం పెడితే అది స్వచ్ఛందమా? అయినా జీతాల ఖర్చు తగ్గితే చాలా? దేశమంతటా బీఎస్ఎన్ఎల్ 4జీ ప్రారంభించేసరికి 2025 సెప్టెంబర్ వచ్చింది. కాంట్రాక్టు లైన్‌మన్లకైతే నెలల తరబడి కూలీ బాకీ. వాళ్లకు ఏ ప్యాకేజీ లేదు, వాళ్ల ఊసెత్తినవాళ్లూ తక్కువే.

సీతమ్మధార పెద్దాయన:
కాంట్రాక్టు వాళ్ల సంగతి ఒప్పుకుంటానమ్మా. కానీ పర్మినెంటు వాళ్లలో సగం మంది ఉండిపోయారు కదా. బలవంతమైతే ఉండనిచ్చేవారా?

ఎన్ఏడీ జంక్షన్:
మీ ఇద్దరి గొడవలో తమ్ముడి ప్రశ్న పక్కకెళ్లిపోయింది. బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది 2000 అక్టోబర్‌లో. 2019 నాటికి 50 దాటినవాళ్లలో అత్యధికులు అంతకుముందే టెలికాం శాఖలో చేరినవాళ్లు. కాబట్టి వాళ్లకు ప్రభుత్వ పెన్షన్ ఉంది. ఎక్స్‌గ్రేషియా, అంటే ఆ 35, 25 రోజుల లెక్కన వచ్చిన సొమ్ము, దానికి అదనం. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి ఇచ్చే సొమ్ము) 60 నిండేదాకా ఆగినా ఇల్లు గడిచింది అందుకే.

స్టీల్ ప్లాంటులో ఆ పెన్షన్ లేదు. పీఎఫ్ కింద వచ్చే ఈపీఎస్ పెన్షన్ కరెంటు బిల్లుకు, మందులకు సరిపోతే గొప్ప. అంటే వచ్చిన మొత్తంతోనే బతుకంతా వెళ్లదీయాలి. చుట్టాలు ఈ తేడా చూడట్లేదు. నాన్నగారి ఈపీఎస్ నెలకు ఎంతొస్తుందో ముందు లెక్క తీయించు తమ్ముడూ. వైద్యం బయటికొచ్చాక కూడా కొనసాగుతుందా, ఏ షరతుల మీద అన్నది కాగితం మీద చూసుకోండి. ఇంటి లోను మిగిలి ఉంటే నేనైతే వద్దనే అంటాను.

గాజువాక కుర్రాడు:
లోను ఇంకా ఆరేళ్లుంది అన్నా. చెల్లి చదువు కూడా ఉంది. ఈపీఎస్ లెక్క రేపే అడుగుతాను.