బ్లాక్‌హోల్‌ల పడ్డది బయటికి రాదంటరు గదా, మరి ఈ జెట్ ఏంది? అదీ ఒక్క దిక్కే ఎందుకు?

హన్మకొండ_పోరడు:
అన్నలూ అక్కలూ జర హెల్ప్ చేయుండ్రి. డిగ్రీ ఫిజిక్స్ సెకండియర్, వచ్చే వారం సెమినార్ ఉంది, పెద్ద బ్లాక్‌హోల్స్ నుంచి వచ్చే జెట్ల (సన్నగ దూసుకొచ్చే ధారల) మీద చెప్తానని జోష్‌ల పేరు ఇచ్చేసిన, ఇప్పుడు చదువుతాంటే ఒక్కటి సమజైతే రెండు ఆగమైతున్నయి. ఎం87 అనే గెలాక్సీ ఫొటో చూస్తే దాని నడిమిట్లకెల్లి సన్నటి నీలం గీత బయటికి పోయినట్టు కనబడ్తది. లోపల పడ్డంక వెలుతురు సుత బయటికి రాదంటరు, మరి ఇదెట్ల వచ్చింది? రెండోది, జెట్లు రెండు దిక్కులా ఉంటయి అని పుస్తకంల ఉంది, ఫొటోల ఒక్క దిక్కే ఉంది. మూడోది ఇంకా ఘోరం, జెట్ల ఉన్న ముద్దలు వెలుతురు కంటే ఆరేడు రెట్లు స్పీడుగ పోతున్నట్టు కొలిచిన్రట, ఐన్‌స్టీన్ సంగతేంది మరి? ఇంకోటి, రేడియో ఫొటోలల్ల జెట్ మొదట్ల మెరిసే చుక్క ఉంటది, దాన్ని కోర్ అని రాస్తరు, అదే బ్లాక్‌హోల్ అని స్లైడ్‌ల పెట్టొచ్చా?

కాజీపేట_జంక్షన్:
తమ్మీ మొదటిది అల్కటిదే. జెట్‌ల వచ్చే సరుకు లోపల పడ్డది కాదు, ఈవెంట్ హొరైజన్ (దాటితే ఏదీ తిరిగి రాని హద్దు) బయట ఉన్నది. బ్లాక్‌హోల్ చుట్టూ గ్యాస్ డిస్క్ లెక్క తిరుక్కుంట లోపలికి జారుతుంటది, దాంతోని అయస్కాంత క్షేత్రం సుత గుంజుకొని వస్తది, తిరిగే బ్లాక్‌హోల్ చుట్టుపక్కల స్థలాన్నే తనతోని తిప్పుతది కాబట్టి ఆ క్షేత్ర రేఖలు మెలికలు పడి రెండు ధ్రువాల దిక్కు శక్తిని తోస్తయి. 1977ల బ్లాండ్‌ఫర్డ్, జ్నాజెక్ అని ఇద్దరు లెక్క కట్టి చూపించిన్రు, శక్తి బ్లాక్‌హోల్ తిరుగుడు నుంచే వస్తదని. అంటే లోపలి సరుకు రాదు గని తిరుగుడుల దాచుకున్న శక్తిని గుంజొచ్చు, గుంజినకొద్దీ దాని తిరుగుడు తగ్గుతది.

నువ్వు చూసిన గీత కొత్తదేం కాదు, 1918లనే లిక్ అబ్జర్వేటరీల హీబర్ కర్టిస్ ఫొటో ప్లేట్ మీద చూసి, గెలాక్సీ నడిమిట్లకెల్లి ఒక విచిత్రమైన తిన్నటి కిరణం ఉందని రాసిండు. అప్పటికి అది మన గెలాక్సీ బయట ఉందో లోపల ఉందో కూడా తేలలే, బ్లాక్‌హోల్ ముచ్చటే లేదు. ఆ నీలం వెలుతురు వేడి వల్ల వచ్చేది కాదు, అయస్కాంత క్షేత్రంల ఎలక్ట్రాన్లు దాదాపు వెలుతురు స్పీడుతోని చుట్టుకుంట పోతే వచ్చే సింక్రోట్రాన్ వెలుతురు. సెమినార్ల గీ ముక్క తప్పక చెప్పు, సార్లు అడుగుతరు.

పుణె_ల_ఓరుగల్లు_పిల్ల:
మాది హన్మకొండనే, ఇప్పుడు పుణెల పీహెచ్‌డీ, రేడియో ఆస్ట్రానమీనే. పైన అన్న చెప్పింది బాగుంది, మిగిలినవి నేను చెప్త, కొంచెం పొడుగైతది.

స్పీడ్ సంగతి లెక్క చేసి చూడు తమ్ముడూ. ఒక ముద్ద వెలుతురు స్పీడుల 0.99 వంతుతోని, మన చూపు రేఖకు 8 డిగ్రీల వంకరతోని, దాదాపు మన మీదికే వస్తాంది అనుకో. 100 ఏండ్లల అది 99 కాంతి సంవత్సరాలు నడుస్తది, దాంట్ల మన దిక్కు 98 పైన, పక్కకు 13.8. మొదట్ల బయలెల్లిన వెలుతురు 100 కాంతి సంవత్సరాలు ముందుకు వచ్చేసరికి ముద్ద కూడా దాని వెనుకనే 98 దాకా వచ్చేసింది గదా, అందుకే చివర్ల బయలెల్లిన వెలుతురు మనకు 2 ఏండ్లు సుత కాకముందే అందుతది. మనకేమో 2 ఏండ్లల 13.8 కాంతి సంవత్సరాలు పక్కకు జరిగినట్టు కనబడ్తది, భాగిస్తే 7 రెట్లు. ఏదీ వెలుతురును దాటలే. మార్టిన్ రీస్ దీన్ని 1966లనే, ఎవ్వరూ చూడకముందే చెప్పిండు, 1970ల మొదట్ల 3సీ 273, 3సీ 279 క్వేసార్లల్ల (బ్లాక్‌హోల్ మేతతోని మస్తు మెరిసే దూరపు గెలాక్సీ నడిమిలు) నిజంగనే దొరికింది.

ఒక్క దిక్కే కనబడుడు సుత గా లెక్కల నుంచే వస్తది. మన మీదికి వచ్చే జెట్ వెలుతురు మన దిక్కే ముడుచుకొని మస్తు పెరుగుతది, అవతలికి పోయేది తగ్గుతది, పై నెంబర్లే పెడితే రెండింటి నడుమ తేడా 10 వేల రెట్లు దాటుతది. రెండో జెట్ లేక కాదు, మసకబారి దొరకదు, అంతే. ఎం87ల అయితే జెట్ వంకర 17 డిగ్రీల చుట్టుముట్టు, అక్కడ సుత మొదలు దగ్గర రెండో దిక్కుది లైట్‌గ పట్టిన్రు. జెట్ పక్కకు తిరిగి ఉన్న ఎన్‌జీసీ 1052 లాంటి గెలాక్సీలల్ల రెండూ మంచిగ కనబడ్తయి. నీ స్లైడ్‌ల ఈ రెండు పక్కపక్కన పెట్టు.

ఇగ కోర్. దాన్ని బ్లాక్‌హోల్ అని మాత్రం పెట్టకు, చానామంది చేసేది గదే. జెట్ మొదట్ల ఎలక్ట్రాన్లు ఎంత ఒత్తుగ ఉంటయంటే అవి ఇచ్చిన రేడియో తరంగాలను అవే మింగేస్తయి, చలికాలం పొద్దుగాల కాజీపేట రోడ్డు మీద మంచుల ఎదురొచ్చే లారీ ఎక్కడిదాకా కనబడ్తదో గట్లనే, మన చూపు ఆగిన జాగనే కోర్ లెక్క మెరుస్తది. తరంగం పొట్టిదైనకొద్దీ ఇంకింత లోపలికి చూడొచ్చు, అంటే కొలిచే తరంగం మారుస్తే కోర్ జాగ మారుతది. 1979ల బ్లాండ్‌ఫర్డ్, కోనిగ్ల్ రాసిన మోడల్ ఇదే, కాంపాక్ట్ జెట్ల రేడియో స్పెక్ట్రమ్ ఫ్లాట్‌గ (ఏ తరంగంల కొలిచినా మెరుపు దాదాపు ఒకటే) ఎందుకుంటదో కూడా దాంతోనే తెలుస్తది, ఒక్కో తరంగానికి జెట్‌ల ఒక్కో జాగ మెరుస్తది కాబట్టి అన్నీ కలిపితే ఎత్తుపల్లాలు పోతయి. 2011ల జపాన్ టీం ఎం87ను వేరే వేరే తరంగాలల్ల కొలిచి, కోర్ ఎటు జరుగుతాందో పట్టుకొని, 7 మిల్లీమీటర్ల దగ్గర అది బ్లాక్‌హోల్‌కు హొరైజన్ సైజుల పాతిక రెట్ల లోపే ఉందని తేల్చిన్రు. గట్లని అన్నీ అంత దగ్గర ఉండయి, జెట్ మన మీదికి తిరిగిన గెలాక్సీలల్ల, అంటే బ్లేజార్లల్ల, కోర్ అసలు బ్లాక్‌హోల్‌కు కాంతి సంవత్సరాల దూరంల ఉండొచ్చు. నన్నడిగితే నీ సెమినార్‌కు ఈ ఒక్క ముక్క సాలు, మిగిలిన ఫొటోలన్నీ దీని చుట్టూ తిప్పుకో.

హుజూరాబాద్_సైకిల్:
జంక్షన్ అన్నా, బ్లాక్‌హోల్ తిరుగుడు నుంచే అని అంత ఖరారుగ చెప్పుడు కరెక్ట్ కాదు. 1982ల బ్లాండ్‌ఫర్డ్, పేన్ అని ఇంకో లెక్క ఉంది, డిస్క్ నుంచే అయస్కాంత రేఖల వెంట గ్యాస్ ఎగజిమ్ముతదని. రెండూ ఒకేసారి జరగొచ్చు. జెట్‌ల ఉన్నది ఎలక్ట్రాన్లు పాజిట్రాన్లా (ఎలక్ట్రాన్ లాంటివే గని పాజిటివ్ చార్జ్‌వి), ఎలక్ట్రాన్లు ప్రోటాన్లా అనేది సుత ఇంకా తెగలే. పిల్లగాడు సెమినార్ల ఒక్కటే నిజమని చెప్తే ఎవరో ఒకరు పట్టుకుంటరు.

కాజీపేట_జంక్షన్:
రెండూ ఉండొచ్చు తమ్మీ, కాదన్లే. గని 2021ల ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ వాళ్లు (ఎం87 బ్లాక్‌హోల్ రింగ్ ఫొటో తీసిన టీం) పోలరైజేషన్ ఫొటో, అంటే వెలుతురు తరంగాలు ఏ దిక్కు ఊగుతున్నయో చూపేది, ఇచ్చిన్రు గదా, ఎం87 రింగ్ దగ్గర క్షేత్రం గట్టిగ, వరుసగ ఉందని తేలింది, గ్యాస్‌నే ఆపేటంత గట్టిది. అట్లాంటి క్షేత్రం ఉంటే తిరుగుడు నుంచి శక్తి గుంజుడు బాగ కుదురుతది, అందుకే నేను దాని దిక్కు మొగ్గుతున్న. డిస్క్ నుంచి వచ్చేది మెల్లగ, వెడల్పుగ, చుట్టూ తొడుగు లెక్క ఉంటదని చెప్తరు.

హన్మకొండ_పోరడు:
అందరికీ మస్తు థ్యాంక్స్, అక్కా లెక్క చేసి చూసిన, 7 వచ్చింది. ఇంక రెండు డౌట్లు. 2019ల వచ్చిన ఎం87 బ్లాక్‌హోల్ ఫొటోల రింగ్ ఉంది గని జెట్ కనబడలే, ఎందుకు? మన గెలాక్సీ బ్లాక్‌హోల్‌కు జెట్ ఉందా?

పుణె_ల_ఓరుగల్లు_పిల్ల:
2017 ఏప్రిల్‌ల 1.3 మిల్లీమీటర్ల తరంగం మీద తీసిన డేటా అది, కోర్ లోపలికి చూడనీకి పొట్టిది మంచిదే, గని అప్పుడు ఆరు జాగల ఎనిమిది టెలిస్కోపులే ఉండె, దగ్గర దగ్గరున్న టెలిస్కోప్ జంటలు తక్కువ కాబట్టి పెద్దగ పరుచుకున్న మసక వెలుతురు పట్టలే, రింగ్ మాత్రం పడ్డది. 2023ల ఇంకో టీం 3.5 మిల్లీమీటర్ల మీద, 2018ల తీసిన డేటాతోని, రింగ్, జెట్ రెండూ ఒకే ఫొటోల చూపించింది. దాంట్ల రింగ్ 50 శాతం దాకా పెద్దగుంది, ఎందుకంటే ఆ తరంగంల లోపలికి పడే గ్యాస్ సుత మెరుస్తది. నీ సెమినార్ మొదటి ఫొటో గిది పెట్టు, పాత రింగ్ ఫొటో అందరూ చూసిందే.

మన గెలాక్సీ దగ్గర సరిగ్గ కనబడే జెట్ లేదు. అక్కడున్నది 40 లక్షల సూర్యుల బరువు, ఎం87ది 650 కోట్లు, పైగా మనది ఇప్పుడు చాలా తక్కువ తింటాంది. ఇంకో సంగతి, జెట్లన్నీ పొడుగ్గ పోవాలని లేదు. పూర్తిగ 3 వేల కాంతి సంవత్సరాల లోపే రెండు దిక్కులా ఆగిపోయిన చిన్న జెట్ల గెలాక్సీలు ఉన్నయి, ఇవి కుర్రవి, చానా మటుకు 5 వేల ఏండ్ల లోపే చల్లారిపోతయని 2024ల వచ్చిన పేపర్లల్ల వాదించిన్రు, ఒక పెద్ద నక్షత్రం బ్లాక్‌హోల్ దగ్గర చీలిపోయి ఇచ్చిన మేత సరిపోయిందేమో అని. అదే ఏడు పోర్ఫిరియాన్ అని 2 కోట్ల 30 లక్షల కాంతి సంవత్సరాల పొడుగు జెట్ల జంట సుత దొరికింది, మన పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ డేటా దాంట్ల పనికొచ్చింది. జీఎంఆర్‌టీకి పొడుగు తరంగాలు, డిష్‌ల నడుమ 25 కిలోమీటర్ల దూరం మాత్రమే, కాబట్టి లోపలి కాంపాక్ట్ భాగానికి అది సరిపోదు. నీకు సొంతంగ డేటా చూడాలంటే మోజావే అని అమెరికాల వీఎల్‌బీఏ టెలిస్కోపులతోని 2 సెంటీమీటర్ల మీద ఏండ్ల తరబడి తీసిన ఫొటోలు ఫ్రీగ పెట్టిన్రు, 3సీ 273వి వరుసగ దింపుకొని ఒక యానిమేషన్ చేస్తే ముద్దలు కదులుడు అందరికీ కనబడ్తది, మాటలతోని అంత చెప్పలేవు.

ములుగు_చీకట్లు:
ఇదంతా చదివినంక ఎం87ను కండ్లతోని చూడాలనిపిస్తే ఏప్రిల్, మే నెలలల్ల కన్యారాశి రాత్రి పూట మంచిగ పైకి వస్తది. హన్మకొండ వెలుతుర్ల కష్టం, మా దిక్కు అడవి అంచుకు వస్తే 8 ఇంచుల టెలిస్కోప్‌ల గుండ్రటి మసక చుక్క లెక్క దొరుకుతది, 5 కోట్ల 50 లక్షల ఏండ్ల కింద బయలెల్లిన వెలుతురు అది. జెట్ మాత్రం దాంట్ల కనబడది, ఆశ పెట్టుకోకు, దానికి ఇంకా పెద్ద అద్దం, మంచి కెమెరా కావాలె. సెమినార్ అయినంక మెసేజ్ పెట్టు, మబ్బు లేని శనివారం చూసుకుందాం.