లాప్‌టాప్ మీద ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే వద్దనుకోవాలా?

ప్రశ్న: చెల్లి బీటెక్‌లో చేరుతోంది, 55 వేలలో లాప్‌టాప్ చూస్తున్నాం. ఒకే కంపెనీ, ఒకే ప్రాసెసర్, కానీ ఒక పెట్టె మీద చైనా, ఇంకోదాని మీద ఇండియా. ఇండియాది 3 వేలు ఎక్కువ. చైనాది వద్దని నాన్న పట్టు. ఏం చేయమంటారు?

జవాబు 1: ఇక్కడ బిగించినా ప్రాసెసర్, స్క్రీన్ ఎక్కువగా బయటి నుంచే వస్తాయండి. లాప్‌టాప్‌ల దిగుమతి మీద బేసిక్ కస్టమ్స్ సుంకం లేదు, జీఎస్టీ రెండింటికీ 18 శాతమే, మరి ఆ 3 వేలు దేనికో షాపువాళ్లను గట్టిగా అడగండి.

జవాబు 2: నాది చైనాదే. ఆరేళ్లకి కీబోర్డు మీద అక్షరాలు అరిగాయి గానీ మూత ఇంకా బిగువుగానే ఉంది. ముందు మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూసుకోండి.

జవాబు 3: నేనైతే ఇండియాదే కొంటా. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో లాప్‌టాప్‌లు బిగించే పని మనవాళ్లకే దొరుకుతుంది, దానికోసం 3 వేలు ఎక్కువైనా పెడతాను.